గడువు దాటనిచ్చిన ఆదిశేషు

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు షాంటిలీలో ఆదిశేషు పేరు వినని తెలుగువాడు ఉంటే ఉండొచ్చు గానీ, ఆదిశేషు చేతికి చిక్కి, ప్రభుత్వమనేది ఎందుకు ఉండకూడదో గంటసేపు వినకుండా తప్పించుకున్న తెలుగువాడు మాత్రం అరుదు. పుట్టినరోజు పార్టీలో ప్లేటు పట్టుకుని నిలబడితే పక్కకొచ్చి చేరేవాడు. ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటుంటే వెనకనుంచి వచ్చి, "ఆ కరివేపాకు బోర్డర్ దాటడానికి ఎవడి పర్మిషన్ కావాలో తెలుసా నీకు?" అని మొదలుపెట్టేవాడు. అవతలివాడు బుట్టలో ఐస్‌క్రీం కరిగిపోతోందని మొత్తుకున్నా వదిలేవాడు కాదు.

మనిషి రేపల్లె వైపువాడు. ఇంజనీరింగ్ చదివి, 2001లో రామమోహన్ అనే ఆయన నడిపే చిన్న కన్సల్టింగ్ కంపెనీ తరఫున హెచ్-1బి వీసా మీద వర్జీనియాలో దిగాడు. దిగిన వేళ ఎలాంటిదోగానీ, అప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలన్నీ ఎండిపోయాయి. ఆర్నెల్లపాటు ప్రాజెక్టు లేక, కంపెనీ గెస్ట్ హౌస్‌లో మరో ముగ్గురితో కలిసి ఊరికే కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ జావా నేర్చుకున్నారు. ఈయన ఇంటర్నెట్‌లో దొరికిన అరాచకవాదమంతా చదివి తత్త్వవేత్తగా లేచాడు.

ఆయన తత్త్వం చెప్పడానికి పెద్ద సేపు పట్టదు, ఆయన చెబితేనే పట్టేది. ప్రతి మనిషీ తనకు తానే యజమాని. ఎవరూ ఎవరి మీదా బలప్రయోగం మొదలుపెట్టకూడదు. పన్ను బలవంతంగా గుంజేది కాబట్టి అది దొంగతనం. సరిహద్దు అంటే ఎవడి నేల మీదో ఎవడో గీసిన గీత. ఇద్దరు ఇష్టపడి చేసుకున్న ఒప్పందానికి మించిన చట్టం లేదు. బతకడానికీ పని చేయడానికీ మనిషి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. వినడానికి బాగానే ఉంటాయి. నిజానికి వీటిలో కొన్ని మాటల్ని కాదనడం కష్టం కూడా. చెప్పే మనిషిని చూసినప్పుడే ఒళ్ళు మండేది.

ఎందుకంటే పన్ను దొంగతనమని పదిమందికీ చెప్పే ఈ పెద్దమనిషి పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం అయిదుదాకా చేసే పని, పక్క కౌంటీ ప్రభుత్వానికి ఆస్తిపన్ను బిల్లుల సాఫ్ట్‌వేర్ రాయడం. అందులోనూ ఆయన చేతిలో ఉన్న భాగం, పన్ను ఆలస్యంగా కట్టినవాళ్ళకి జరిమానా లెక్కగట్టేది. అదేమంటే, "మార్కెట్‌లో నా స్కిల్‌కి ఉన్న కాంట్రాక్ట్ అది," అనేవాడు. లీస్‌బర్గ్ వైపు వెళ్ళే ప్రైవేటు టోల్ రోడ్డుని చూపించి ఇదీ స్వేచ్ఛ అంటే అని మురిసిపోయేవాడు, కానీ ఎప్పుడూ దాని మీద వెళ్ళలేదు, టోల్ ఎక్కువట. 2010 ఫిబ్రవరిలో మోకాళ్ళలోతు మంచు పడ్డప్పుడు, మంచు తోసే ప్రభుత్వ బండి తమ వీధికి ఇంకా రాలేదేమని ఫోన్ చేసి దబాయించిన మొదటి మనిషి ఆయనే. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు.

ఇలాంటి మనిషిని ఉజ్వల కోరి చేసుకుంది. ఆమెది రాజమండ్రి. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్‌లో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో రెండేళ్ళు పని చేసింది. రోగి నుంచి తీసిన నమూనాలో ఏ క్రిమి పెరిగిందో కల్చర్ ప్లేటు చూసి చెప్పడం ఆమె పని. ఆ పనంటే ఆమెకి ప్రాణం. పెళ్ళిచూపుల్లో వంటొచ్చా, పాటొచ్చా అని అడగకుండా, "నేనెవర్నీ శాసించను, నువ్వు నాకు సొంతం కావు, నీకు నువ్వే సొంతం," అన్న మొదటి పెళ్ళికొడుకు ఆదిశేషు. ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు, సంతోషంతో. 2003లో అతని వెంట షాంటిలీ వచ్చింది.

వచ్చాక తెలిసింది, ఆమె వీసా పేరు హెచ్-4 అని, అంటే హెచ్-1బి వాడి భార్య అని. ఆ వీసా మీద వండొచ్చు, కనొచ్చు, చదవొచ్చు, గుడికెళ్ళొచ్చు, జీతం తీసుకుని పని మాత్రం చేయకూడదు. భర్తకి గ్రీన్‌కార్డు ఆఖరి అంచెకి వస్తే తప్ప ఆమెకి పని చేసే కార్డు రాదు. తనకు తానే సొంతమైన మనిషి కాబట్టి వండింది, హాసినిని కన్నది, ఎదురుచూసింది.

2006లో హెచ్-1బి ఆరేళ్ళ గడువు దగ్గర పడింది. గ్రీన్‌కార్డు పని మొదలుపెట్టకపోతే ఆదిశేషు దేశం వదిలి పోవాలి. అప్పుడు ఆయన సిద్ధాంతం ఏమైందో తెలియదు గానీ, రామమోహన్ ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాడు. కంపెనీ వేసిన పిటిషన్ మంజూరైంది, ఐ-140 అనే కాగితం వచ్చింది, ఆయన వీసా మళ్ళీ మూడేళ్ళు పెరిగింది. మిగిలింది ఆఖరి ఫారం వేయడం. దానికి మాత్రం ఇండియావాళ్ళ వరుస చాంతాడంత ఉండేది.

2007 జూలైలో ఎవరూ అనుకోని వింత జరిగింది. వరుసలో ఎంత వెనకున్నవాళ్ళయినా సరే, ఆగస్టు పదిహేడులోపు ఆఖరి ఫారం వేసుకోవచ్చని తలుపు తెరిచారు. ఆ నెల్లాళ్ళు అమెరికాలో తెలుగువాళ్ళు పెళ్ళివారిలా పరుగులు పెట్టారు. మెడికల్ పరీక్షలు చేసే డాక్టర్ల దగ్గర తిరుపతి క్యూలు. పాస్‌పోర్టు ఫోటోలు తీసే షాపులో చెవులు కనబడాలని జుట్టు వెనక్కి దువ్వించుకున్న ఆడవాళ్ళు. ఇక అసలు తంటా బర్త్ సర్టిఫికెట్. మనలో ఆ వయసువాళ్ళు సగంమంది ఇళ్ళలో పుట్టినవాళ్ళే, మున్సిపాలిటీలో ఎవరూ రాయించలేదు. రికార్డులో లేదని మున్సిపాలిటీ నుంచి ఒక కాగితం, వీడు ఫలానా రోజున పుట్టడం మాకు తెలుసని ఇద్దరు పెద్దవాళ్ళ అఫిడవిట్లు స్టాంపు పేపరు మీద రాయించి, కొరియర్‌లో తెప్పించుకోవాలి.

ఉజ్వల తన కాగితాలు పది రోజుల్లో తెప్పించుకుంది. టీకాలు వేయించుకుని, మెడికల్ కవర్లు సీలు వేయించి, మొగుణ్ణి కూడా లాక్కెళ్ళి వేయించింది. ఎదురింటి కృష్ణవేణి, వరంగల్ అమ్మాయి, అప్పటికే మొగుడు శ్యామ్‌సుందర్‌తో కలిసి ఫారాలు పంపేసింది.

"మీ ఆయన బర్త్ సర్టిఫికెట్ వచ్చిందా ఉజ్వలా? పక్కకు పెట్టిండేమో, జర గట్టిగ అడుగు," అనేది రోజూ.

ఉజ్వల అడిగేది. "పెదనాన్నకి రాశాను, వస్తుంది, ఇంకా టైముంది," అనేవాడు ఆదిశేషు.

ఆగస్టు మూడో వారం దాటాక ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, షూస్ విప్పుకుని, సోఫాలో నిటారుగా కూర్చుని, "ఉజ్వలా, మనం ఫైల్ చెయ్యలేదు," అన్నాడు.

"అదేంటండీ? కాగితాలు రాలేదా?"

"కాగితాల ప్రాబ్లం కాదు. నేను చాలా ఆలోచించాను. నేను ఇక్కడ బతకొచ్చా లేదా అని ఇంకొకణ్ణి అడుక్కోవడం నా మనసుకి పట్టలేదు. గడువు దాటనిచ్చాను. కావాలనే."

ఆమె బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఏడ్వగలిగినంత ఏడ్చింది. బయటికొచ్చి అన్నం పెట్టింది. ఇక్కడే ఆమె గురించి ఒక మాట చెప్పాలి, ఆమెకి కోపమొచ్చినా సరే. ఏడుపులో ఏదో మూల ఆమెకి గర్వం కూడా కలిగింది. ఊరంతా గొర్రెల మందలా పరుగెత్తుతుంటే నా మొగుడొక్కడు ఆగాడు అనుకుంది. మాట మీద నిలబడే మనిషి అనుకుంది, ఎందుకు ఫైల్ చెయ్యలేదని అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది. ఆ గర్వమే ఆమెను ఎనిమిదేళ్ళు నడిపించింది. తలుపు అప్పటికే మూసుకుంది, మరుసటి నెలకల్లా వరుస మళ్ళీ చాంతాడైంది.

ఆదిశేషు దశ మాత్రం అప్పుడే తిరిగింది. "వరుసలో నిలబడని మనిషి" అని ఇంగ్లీషులో వ్యాసం రాసి బ్లాగులో పెట్టాడు. అప్పటిదాకా ఆ బ్లాగుకి ఏడుగురు పాఠకులు, అందులో ఇద్దరు ఆయనే. ఈ వ్యాసం ఎలాగో తెల్ల స్వేచ్ఛావాదుల చేతిలో పడింది. గ్రీన్‌కార్డు ఇస్తామంటే వద్దన్న ఇండియన్! వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ఆర్లింగ్టన్‌లో ఒక హోటల్ హాలుకి పిలిచి మాట్లాడించారు. న్యూ హాంప్‌షైర్ అడవిలో గుడారాలు వేసుకుని చేసుకునే జాతరకి పిలిచి, దండ ఒక్కటే తక్కువగా ఊరేగించారు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందంటే ఎందుకు నమ్మకూడదు, చూసినవాళ్ళున్నారు.

ఆ తర్వాత ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో సభ. అయిదారుగురు వచ్చేవాళ్ళు. రాజ్యం లేకుండా కోర్టులెలా నడుస్తాయో, పోలీసుల్ని అద్దెకెలా తెచ్చుకోవచ్చో తేల్చుకునేవాళ్ళు. వాళ్ళకి పెసరట్లు వేసేది ఉజ్వల. అందులో ఒక రిటైరైన ముసలాయన తత్త్వం కోసం కాక అల్లప్పచ్చడి కోసమే వచ్చేవాడని ఆమె నమ్మకం. అందరిలోకీ ఆయనే నిజాయితీపరుడని కూడా ఆమె నమ్మకం. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఆదిశేషు 2007 కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ తలుపు ఇంకొంచెం వెడల్పుగా తెరుచుకునేది, ఈయన ఇంకొంచెం ఎత్తుగా నిలబడేవాడు. "మై వైఫ్ స్టుడ్ బై మీ," అని వంటింటి వైపు చెయ్యి చూపించేవాడు. వాళ్ళంతా అటు తిరిగి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఉజ్వల అట్లకాడ చేత్తో పట్టుకుని నవ్వేది.

ఆ నవ్వు వెనక ఆమె ఊరికే కూర్చోలేదు. చదువుకోవడానికి వీసా అడ్డురాదు కాబట్టి కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ ల్యాబ్ కోర్సు చేసి, 2011లో సర్టిఫికేషన్ పరీక్ష మొదటిసారే పాసైంది. ట్రైనింగ్ ఇచ్చిన ఆసుపత్రివాళ్ళు ఉద్యోగంలో చేరమన్నారు. వీసా సంగతి చెప్పి, ఆమె ల్యాబ్ కోటు మడిచి ఇచ్చేసి వచ్చింది. ఎదురింటి కృష్ణవేణి అప్పటికి బ్యాంకులో నాలుగేళ్ళుగా పని చేస్తోంది. పొద్దున్నే ఆమె కారు స్టార్టయిన చప్పుడు వినకుండా ఉండాలని ఉజ్వల మిక్సీ వేసేది.

2015లో కొత్త రూలొచ్చింది. మొగుడికి ఐ-140 మంజూరై ఉంటే చాలు, హెచ్-4 మీదున్న భార్యలు పని చేసే కార్డుకి అప్లై చేసుకోవచ్చు, మే ఇరవయ్యారు నుంచి. ఉజ్వల ఫారం తనే నింపింది, పెళ్ళి సర్టిఫికెట్ తీసింది. ఇక కావాల్సింది ఆ ఐ-140 కాగితం కాపీ. అది ఆదిశేషు ఇనప్పెట్టెలో ఉంది.

"ఏవండీ, ఆ కాగితం ఒకసారి ఇస్తే స్కాన్ చేసుకుంటాను."

ఆదిశేషు ల్యాప్‌టాప్ మూశాడు. ఇది మంచి లక్షణం కాదు. "చూడు ఉజ్వలా, పని చేసే రైట్ నీకు పుట్టుకతోనే ఉంది. దాన్ని ఇంకొకణ్ణి అడగడమంటే నీకు ఆ రైట్ లేదని ఒప్పుకోవడమే."

"సరే ఒప్పుకుంటాను. కాగితం ఇవ్వండి."

"నేను నిన్ను ఆపట్లేదు. నువ్వు ఫ్రీ. కానీ ఆ పేపర్ నాకూ కంపెనీకీ మధ్య కాంట్రాక్ట్. అందులో థర్డ్ పార్టీకి క్లెయిమ్ ఉండదు."

"నేను థర్డ్ పార్టీనా?"

"ఫిలసాఫికల్‌గా," అన్నాడు ఆదిశేషు, కొంచెం తగ్గి. "పైగా ఆలోచించు. నేను గ్రీన్‌కార్డే వద్దన్నవాణ్ణని ఇంతమందికి తెలుసు. నా వైఫ్ పర్మిట్ తీసుకుందంటే నా పొజిషన్ ఏమవుతుంది?"

పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న పదేళ్ళ హాసిని తలెత్తి, "నాన్నా, పర్మిషన్ బ్యాడ్ అయితే, ఐప్యాడ్‌కి నేను ఎందుకు నిన్ను అడగాలి?" అంది తన అమెరికా తెలుగులో.

"నువ్వు మైనర్‌వి."

"అమ్మ?"

ఆదిశేషుకి ఆ క్షణంలో వేరే రూంలో ఏదో పని గుర్తొచ్చింది.

పదకొండు రోజులు అడిగింది ఉజ్వల. రోజుకో వాదన చెప్పాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడు కూడా కాస్త సిగ్గుపడేవాడు, ఈయనకి అదీ లేదు. పన్నెండో రోజు ఆమె రామమోహన్‌కి ఫోన్ చేసింది. అరవై దాటిన మనిషి, మాటలో కల్లాకపటం లేదు.

"ఆ కాగితం అతనిదేంటమ్మా? పిటిషన్ వేసింది మా కంపెనీ, సంతకం నాది. అతని దగ్గరున్నది కాపీ. స్కాన్ చేసి ఇప్పుడే పంపిస్తాను," అన్నాడాయన. అని ఊరుకోలేదు. "ఎన్నేళ్ళకి కుదిరిందమ్మా నీకు! ఆ 2007లో మూడంటే మూడు రోజుల తేడాలో పోయింది. నాకిప్పటికీ బాధే."

"మూడు రోజులేంటండీ?"

"అదేనమ్మా, బర్త్ సర్టిఫికెట్ అఫిడవిట్లు. జూలైలో రోజూ మెయిల్ పెట్టాను, ఇండియాకి రాశావా, రాశావా అని. ఆగస్టు వచ్చేదాకా రాయనేలేదు అతను. శుక్రవారం పదిహేడు ఆఖరి రోజు. సోమవారం పొద్దున్నే అఫిడవిట్లు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. లాయర్ని బతిమాలాం. కుదరదన్నాడు. మా ఆఫీస్‌లో కూర్చుని ఏడ్చాడమ్మా పాపం. నీకు చెప్పలేదా?"

"చెప్పారు," అంది ఉజ్వల. "వేరేగా చెప్పారు."

ఫోన్ పెట్టేసి వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. ఆమెకి మొదట నవ్వొచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అని చిన్నప్పుడు వినడమే, అదే మద్దెల పట్టుకుని అడవుల దాకా వెళ్ళి కచేరీలు చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తోంది. తర్వాత నవ్వు పోయింది. సిద్ధాంతం కోసం ఎనిమిదేళ్ళు పోతే పోయాయని ఆమె ఎప్పుడో సరిపెట్టుకుంది. ఒక ఉత్తరం రాయడానికి బద్ధకించినందుకు పోయాయని తెలిస్తే ఎలా సరిపెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. ఆ శనివారాల చప్పట్లన్నీ, తన నవ్వుతో సహా, ఆమెకి గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం ఆదిశేషు రాగానే అడిగింది. "ఆ 2007లో, ఆగస్టు ఇరవై సోమవారం మీరు రామమోహన్ గారి ఆఫీస్‌కి ఎందుకెళ్ళారు?"

ఆయన మొహంలో రంగు మారడం చూసింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆ మనిషి నిజం చెప్పేస్తాడేమో అనిపించింది. చెప్పుంటే ఆమె ఏం చేసేదో మనకి తెలియదు. ఏడ్చి, తిట్టి, క్షమించి ఉండేదేమో కూడా.

"చూడు," అన్నాడు ఆదిశేషు, గొంతు సవరించుకుని. "ట్రూత్ ఎప్పుడు తెలిసిందన్నది ఇంపార్టెంట్ కాదు. గడువు దాటిన తర్వాతే నాకు క్లారిటీ వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ తర్వాత తెలిసినంత మాత్రాన అది తప్పయిపోదు కదా? అసలు గడువనేదే ఒక వయొలెన్స్."

"మీరు రోజూ ఆఫీస్‌లో లెక్కగట్టేది ఆ వయొలెన్స్‌కి జరిమానానే కదా?" అంది ఉజ్వల. "నాకు చెప్పినప్పుడు కావాలనే అన్నారు. నేను నమ్మాను. పదిమందికి చెప్పాను. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే నవ్వుతూ నిలబడ్డాను. నాకది ఇంపార్టెంట్."

కింద పడ్డా పైచెయ్యి తనదే అనుకునే మనిషితో వాదన పెట్టుకుంటే తెల్లారుతుంది. ఆమె అక్కడితో ఆపి, లోపలికెళ్ళి, ఫారం కవర్లో పెట్టి అంటించింది. మరుసటి శనివారం సభకి వచ్చినవాళ్ళకి పెసరట్లు లేవు. తలుపు తీసిన హాసిని, "అమ్మ ఫ్రీ," అని చెప్పి వాళ్ళని లోపలికి పంపింది. అల్లప్పచ్చడి ముసలాయన అయిదు నిమిషాలు కూర్చుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆదిశేషు ఆ నెల "గడువు అనే హింస" అని కొత్త వ్యాసం రాశాడు. దానికి పాఠకులు బాగానే వచ్చారని విన్నాం.

సెప్టెంబరులో ఉజ్వల పేరు మీద కార్డు వచ్చింది. పది రోజులకి ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఇంటర్వ్యూ. అడిగేది జుట్టు తెల్లబడ్డ ఒక అమెరికన్ సూపర్‌వైజరు. ముందుగా మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టి చూడమంది. ఉజ్వల చూసి చెప్పింది. రెండోది పెట్టింది. అదీ చెప్పింది. సూపర్‌వైజరు తల ఊపి, ఆమె వివరాలున్న కాగితం తిప్పి చూసింది.

"పరీక్ష పాసై నాలుగేళ్ళయింది. అంతకుముందు కూడా చాలా ఖాళీ ఉంది. ఇన్నేళ్ళు ఎందుకు పని చేయలేదు?"

ఇలాంటి ప్రశ్నకి ఉజ్వల దగ్గర ఎన్నో ఏళ్ళుగా ఒక ఇంగ్లీషు వాక్యం సిద్ధంగా ఉండేది. భర్త నమ్మిన సిద్ధాంతం గురించి, తాను పక్కన నిలబడడం గురించి, వినడానికి హుందాగా ఉండేది. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది కూడా.

"మా ఆయన ఒక కాగితం మూడు రోజులు ఆలస్యంగా తెచ్చారు," అంది.

సూపర్‌వైజరు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. "మూడు రోజులకి ఇన్నేళ్ళా?"

"మూడు రోజులు ఆయనవి," అంది ఉజ్వల. "ఈ ఎనిమిదేళ్ళూ అది గొప్పతనమని అందరికీ చెప్పుకుంటూ కూర్చున్నది నేను."